పుండుకు ఏ తేనె, గొంతుకు ఏ తేనె?

న్యూజిలాండ్‌లో మనుకా అనే పొద పూల నుంచి వచ్చే తేనె సీసా మీద 'ఎంజీఓ 400' అని ఉంటే, కిలో తేనెలో కనీసం 400 మిల్లీగ్రాముల మిథైల్‌గ్లయాక్సాల్ అనే క్రిములను చంపే పదార్థం ఉందని అర్థం. మనుకాకు అంత ధర పలికేది ఆ పదార్థం వల్లే. మన కొండ తేనెకు అలాంటి అంకె లేదు. అలాగని తీసిపారేయనక్కర్లేదు, అది పనిచేసే తీరు వేరు.

ఏ తేనెలోనైనా తేనెటీగలు కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. తేనె చిక్కగా ఉన్నంతసేపు అది పనికి దిగదు. పుండు నుంచి ఊరే రసితో తేనె పలచబడగానే క్రిములను చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా తయారుచేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, మన రక్తంలోని క్యాటలేజ్ అనే మరో ఎంజైమ్ ఆ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టేస్తుంది. మిథైల్‌గ్లయాక్సాల్ జోలికి మాత్రం అది పోదు. పుండు విషయంలో మనుకాది పైచేయి అనడానికి కారణం ఇదే.

అయితే ఆసుపత్రుల్లో వాడేది కిరాణా సీసాలోని మనుకా కాదు, గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. పట్టు పిండి తీసిన అడవి తేనెలో మైనం, పుప్పొడి, ఒక్కోసారి పిల్లపురుగుల రసం కూడా కలిసి ఉంటాయి. నీరు ఎక్కువైతే మూత తీయగానే నురగ, పులిసిన వాసన. నీరు తగ్గించడానికి గట్టిగా కాచారా, ఎంజైమ్ దెబ్బతింటుంది. కాబట్టి ఇంట్లో తేనె, ఏదైనా సరే, పుండు మీద పూయడం నాకు సమ్మతం కాదు. మరీ లోతుగా కాలని గాయాలు కొన్ని మామూలు కట్లకన్నా తేనె కట్టుతో త్వరగా మానాయని అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2015 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. షుగరు ఉన్నవారి కాలిపుండ్లకు అంత గట్టి ఆధారం దొరకలేదు.

దగ్గు, గొంతు గరగరకైతే మనుకా కొనడం శుద్ధ దండగ. 2007లో అమెరికాలో పిల్లలకు పడుకునేముందు ఇచ్చి చూసింది మనుకా కాదు, బక్‌వీట్ అనే పంట పూల నుంచి వచ్చే ముదురు రంగు తేనె. రాత్రి దగ్గు తగ్గింది. నమ్మకమైన చోట కొన్న గిరిజన తేనె ఒక చెంచా చాలు. రోజూ తాగితే మోకాళ్ల వాపు పోతుందన్న ప్రచారానికి మాత్రం సరైన రుజువు లేదు. ముదురు రంగు తేనెల్లో పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు ఎక్కువే, కానీ వాపు తగ్గించే గుణం చాలావరకు ప్రయోగశాలలో కనిపించిందే.

ఏడాది నిండని బిడ్డకు ఏ తేనే వద్దు, బొట్యులిజం (ఒక బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం ఉంది. పురిటిలో నాలుకకు రాయాల్సిందేనని పెద్దవాళ్లు పట్టుబట్టినా సరే.