అత్తమ్మ హోమ్ ఫీజుకు సీనియర్ సిటిజన్ పొదుపు పథకం: కొన్నేళ్ల వాడకం తర్వాత

సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వడ్డీ ఎంత, ఎవరు చేరవచ్చు, ఏ కాగితాలు కావాలి అన్నవి ఏ పోస్టాఫీసులో అడిగినా చెబుతారు. నేను రాయదలచింది ఒక్క నియమం గురించి. ఈ ఖాతాలోంచి కొంత డబ్బు తీసుకోవడం కుదరదు. లక్ష రూపాయలు కావాలన్నా ఖాతా మొత్తం మూసేయాల్సిందే. ముసలితనంలో ఖర్చు చెప్పి రాదని తెలిసి కూడా ఈ నియమం పెట్టిన వారి మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా మేనత్త ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేసింది. పింఛను లేదు, పిల్లలు లేరు. మామయ్య పోయాక ఇల్లు అమ్మి హైదరాబాద్ శివార్లలో ఒక వృద్ధుల హోమ్‌లో చేరింది. గది, భోజనం, నర్సు, ఆయా కలిపి అప్పట్లో నెలకు 27,000. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2023 ఏప్రిల్‌లో, పథకం పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకు, వడ్డీ 8.2 శాతానికి పెరిగాయి. ఇల్లు అమ్మిన డబ్బులో 30 లక్షలు ఇందులో పెట్టాం. మరో 9 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేశాం. మొదటిది మూడు నెలలకోసారి 61,500 ఇస్తే రెండోది నెలకు 5,550 ఇచ్చింది. నెలకు సుమారు 26,000 వచ్చినట్టే. అసలు ముట్టకుండా వడ్డీతోనే హోమ్ నడుస్తోందని బంధువులందరికీ గొప్పగా చెప్పాను.

ఖాతా తెరిచే రోజున కౌంటరులోని పెద్దమనిషి ఫారం చూసి, "ముప్పై లక్షలూ ఒకే ఖాతాలో ఎందుకమ్మా? ఆరు ఖాతాలు చేసుకోండి, అవసరం పడితే ఒకటి మూసుకోవచ్చు" అన్నారు. అత్తమ్మ ఆయన వైపు అనుమానంగా చూసి, "అన్ని పాసుపుస్తకాలు ఎవరు దాస్తారు నాయనా?" అని మూడు దగ్గర బేరం తెంచింది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పది లక్షల చొప్పున మూడు ఖాతాలయ్యాయి. ఆ మాట విలువ అప్పుడు నాకు ఏమాత్రం అర్థం కాలేదు. మూడుసార్లు తిప్పుతున్నారని విసుక్కున్నాను కూడా.

2024 ఆగస్టులో అత్తమ్మ బాత్‌రూములో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆరోగ్య బీమా లేదు, ఆ వయసులో కొత్తగా ఇచ్చేవారూ తక్కువే. డెబ్బై దాటిన వారందరికీ ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ కార్డును కేంద్రం ప్రారంభించింది అదే ఏడాది అక్టోబరు 29న, అంటే ఆమె వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాక! ఆసుపత్రి ఖర్చు మూడు లక్షలు దాటింది. తీసుకోవడానికి ఉన్నవి రెండే దారులు. నెలసరి ఆదాయ ఖాతాను మూడేళ్లలోపు మూస్తే 2 శాతం కోత. సీనియర్ సిటిజన్ ఖాతాలో ఏడాది దాటి రెండేళ్లు నిండకపోతే 1.5 శాతం. జూన్ ఖాతా మూశాం. 15,000 పోయింది. ముప్పై లక్షలూ ఒకే ఖాతాలో ఉండి ఉంటే 45,000 పోయేది. ఆ కౌంటరు పెద్దమనిషికి ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆరు ఖాతాలు చేసి ఉంటే కోత ఇంకా సగమయ్యేదని లెక్క వేసి చెబితే, మంచం మీదున్న అత్తమ్మ వినిపించనట్టు మొహం అటు తిప్పుకుంది.

ఆమె కౌంటరుకు రాలేదు కాబట్టి నాకు అధికారం ఇస్తూ ఎస్‌బి-12 ఫారం మీద సంతకం పెట్టింది. చెయ్యి బాగానే ఉంది కాబట్టి సరిపోయింది. పక్షవాతం వచ్చి సంతకం మారిపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం. ఇంతా చేసి, డబ్బు ఖాతాలో పడేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఆసుపత్రి అడ్వాన్సు నేనూ, మా చిన్నాన్న కొడుకూ కలిసి సర్దాం. కాబట్టి ముక్కలు చేసినా సరే, ఇది ఆపదలో అక్కరకొచ్చే డబ్బని మాత్రం అనలేను.

బంధువులకు చెప్పిన గొప్ప కూడా ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. వడ్డీ రేటు ఐదేళ్లూ మారదు, రేట్లు తగ్గినా మనకు నష్టం లేదు అని అందరం మెచ్చుకుంటాం. హోమ్ ఫీజు మాత్రం ఆగదు. ఏటా పదిశాతం పెరుగుతూ, తుంటి విరిగాక రెండో ఆయా, డైపర్లు, ఫిజియోథెరపీ కలిసి 38,000 దాటింది. రెండు ఖాతాలే మిగిలాయి కాబట్టి వడ్డీ మూడు నెలలకు 41,000కి దిగింది. నెలసరి పథకంతో కలిపి నెలకు 19,000 పైచిలుకు వస్తుంది. ఫీజులో మిగతా సగాన్ని, మూసిన ఖాతా తాలూకు మిగిలిన డబ్బులోంచి తీస్తున్నాం. అంటే అసలు తింటున్నాం.

మూడు నెలలకోసారి వడ్డీ పడటం మొదట్లో ఇబ్బందిగా ఉండేది. హోమ్ వారికి ప్రతి నెలా 5వ తేదీలోపు కట్టాలి మరి. ఒక విడత మొత్తాన్ని ఎప్పుడూ సేవింగ్స్ ఖాతాలో ఉంచేయడంతో ఆ గొడవ తీరింది. పన్ను పడేంత ఆదాయం లేదని రాసిచ్చే ఫారం ఏటా ఏప్రిల్‌లోనే ఇచ్చేస్తే పన్ను కోత బెడదా ఉండదు.

ఎవరైనా అడిగితే చేరమనే చెబుతాను, అయితే మా పరిస్థితి చూసి చెబుతున్న మాట ఇది. ఆపదలో రెండు మూడు లక్షలు సర్దగలిగే వారు పక్కన ఉన్నాం కాబట్టి మాకు నడిచింది. పింఛను వచ్చేవారికి లెక్క వేరు, ఒంటరిగా ఉన్నవారికి ఇంకా వేరు. ఉన్నదంతా ఇందులోనే పెట్టవద్దు, పెట్టినా ఒకే ఖాతాలో పెట్టవద్దు. మా మొదటి ఖాతా గడువు 2028 ఏప్రిల్‌లో తీరుతుంది. మరో మూడేళ్లు పొడిగించే వీలుంది గానీ, ఒకటే పొడిగించి, రెండోది హోమ్ ఫీజుకు చేతిలో ఉంచుకుందామని అనుకుంటున్నాం. అత్తమ్మ మాత్రం రెండూ పొడిగించమంటోంది.