కంబోడియా పెళ్లిళ్లలో నా 35 లెన్స్: ఐదేళ్ల వాడకం తర్వాత

కంబోడియా రాజధాని ఫ్నాంపెన్‌కి ఉద్యోగానికి వచ్చిన మొదటి ఏడాది ఆఫీసులో ఒకమ్మాయి తన పెళ్లికి పిలిచింది. "కెమెరా ఉంది కదా బాంగ్, తెచ్చుకో" అంది. ఇక్కడ అన్న అన్నా, అక్క అన్నా బాంగే. తెల్లారకముందే పెద్ద జూమ్ లెన్స్ వేసుకుని, వీధికి అడ్డంగా కట్టిన షామియానా దగ్గరికి వెళ్లాను. ఆ రోజు తీసిన ఫోటోలు ఇంటికొచ్చి చూసుకున్నాకే 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొన్నాను. (ఎంఎం అంకె తగ్గితే ఫోటోలో ఎక్కువ జాగా పడుతుంది, పెరిగితే దూరపువి దగ్గరగా కనిపిస్తాయి. ఎఫ్ అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ వస్తుంది, కానీ ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది.) ఇప్పటికి ఐదేళ్లు, నలభై దాకా పెళ్లిళ్లు. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేదాంట్లో చాలావరకు ఏ కంపెనీ 35కైనా సరిపోతుంది.

ఖ్మేర్ (ఇక్కడి ప్రధాన జాతివాళ్ల) పెళ్లి తంతు ఎక్కువగా పెళ్లికూతురి ఇంట్లో, కింద చాప మీద జరుగుతుంది. ముందుగది పన్నెండడుగులుంటే అదే గొప్ప. అందులోనే జంట, అమ్మానాన్నలు, తోడిపెళ్లికూతుళ్లు, పాటగాళ్లు, తంతు నడిపించే ఆచార్ (మాట మన ఆచార్యుడిదే). పెద్దవాళ్లు కింద కూర్చుంటే మనం వాళ్ల నెత్తిన నిలబడి తీయకూడదు. చెప్పులు బయట వదిలి, మోకాళ్ల మీద జరగాలి. అంటే ఎప్పుడూ మనిషికి రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంటాం. 50 వేస్తే వీపు గోడకి తగులుతుంది. 24 వేస్తే మూల కూర్చున్న మేనత్త ముఖం సాగిపోతుంది. ఆ గది కొలతకి 35 కుట్టించినట్టు ఉంటుంది.

నాకు బాగా ఇష్టమైనది పొపిల్ తిప్పడం. పెళ్లయిన దంపతులు జంట చుట్టూ కూర్చుని, ఆకు ఆకారపు లోహపు పిడికి వెలిగించిన కొవ్వొత్తిని చేతులు మారుస్తూ, ఆ పొగని అరచేత్తో జంట వైపు విసురుతారు. ఇలా ఏడుసార్లు. ఫోటోగ్రాఫర్‌కి ఇంతకంటే వరం ఏముంది, ఒకటి పోతే ఇంకా ఆరు! మొదటి రెండు చుట్లు గదంతా తీస్తాను, తర్వాత చేతులు, చివరి రెండు ముఖాలు. మొదట్లో మోజు కొద్దీ ఎఫ్/2 దగ్గర తీసేవాణ్ణి. పెళ్లికూతురి కన్ను సూదిమొనలా వచ్చేది, పక్కనున్న పెళ్లికొడుకు మసకలో ఉండేవాడు. ఇప్పుడు ఎఫ్/4కి దిగి, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే సెట్టింగ్) 3200కి పెంచుతాను. ఫోటోలో కాస్త గ్రెయిన్ (ఇసకలాంటి చుక్కలు) వచ్చినా ఎవరూ అడగలేదు. పెళ్లికొడుకు మసక అయితే వాళ్లమ్మ అడుగుతుంది.

జుట్టు కత్తిరించే తంతులో ఇప్పుడు నిజంగా కత్తిరించరు. కత్తెర జుట్టు దగ్గర ఆడించి, అత్తరు చల్లుతారు. దగ్గరగా ఉంటాం కదా, ఆ తుంపర లెన్స్ అద్దం మీద కూడా పడుతుంది. నేను గమనించలేదు. వరసగా రెండు పెళ్లిళ్లలో దీపాల చుట్టూ తెల్లటి మబ్బు. లెన్స్ పాడైందని టెన్షన్ పడి సర్వీసుకి ఇవ్వబోయాను, అద్దం తుడిస్తే పోయింది. ఇప్పుడు ఆ కాసేపటికి ఒక ఫిల్టర్ వేస్తాను.

ఎర్రదారం చేతికి కట్టేటప్పుడు జానెడు దూరం దాకా ఫోకస్ అవుతుంది, మణికట్టు మీద ముడి కూడా కనిపిస్తుంది. అప్పుడే పోకపూలు చల్లుతారు. మన తలంబ్రాల లాగే, కాకపోతే చల్లేది చుట్టాలు.

లోపాలు చెప్పాలంటే మొదటిది ఊరేగింపు. పొద్దున్నే పెళ్లికొడుకు వైపువాళ్లు పళ్ల పళ్లేలు పట్టుకుని జంటజంటగా వరసలో వస్తారు. 35లో వెనకున్నవాళ్లు చీమలైపోతారు. అక్కడ 85 కావాల్సిందే. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డ పెద్దావిడ "నన్ను లావు చేశావ్" అంది, ఆవిడ మాట అబద్ధం కాదు. ఇంకోటి, ఈ లెన్స్‌కి తడి ఆపే సీల్ లేదు. భిక్షువులు దీవించి నీళ్లు చల్లినప్పుడు నేను తువ్వాలు కప్పుకుంటాను.

లెన్స్ తప్పు కానివి కూడా రెండున్నాయి. ఏసీ గదిలో పడుకున్న కెమెరాని పొద్దున ఐదింటికి బయటకి తీస్తే అద్దం మీద ఆవిరి. అరగంట ముందే బ్యాగు బయట పెట్టాలి, జిప్పు తీయకుండా. రెండోది ఎల్ఈడీ దీపాలు. సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్‌తో తీస్తే ఫోటో మీద చారలు. ఇక్కడా కరెంటు 50 హెర్ట్జే, దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి కాబట్టి, మెకానికల్ షట్టర్‌తో 1/100 సెకను పెడితే చాలావరకు పోతాయి. అయినా ఆ లౌడ్‌స్పీకర్ల మోతలో నా షట్టర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుంది?

ఐదేళ్లలో ఫోకస్ రింగు రబ్బరు వదులైంది, హుడ్ (లెన్స్ ముందు తొడుగు) విరిగింది. బూజు మాత్రం పట్టలేదు. భిక్షువుల వర్షావాసం (వానాకాలం ఒకేచోట గడిపే దీక్ష) ఉన్న నెలల్లో పెళ్లిళ్లు దాదాపు ఉండవు, లెన్స్‌కి పని లేనిదీ గాలిలో తేమ ఎక్కువున్నదీ అప్పుడే. సిలికా జెల్ వేసి డబ్బాలో పెడతాను.

చివర్లో పెళ్లికొడుకు పెళ్లికూతురి స్బై (భుజం మీద వేసుకునే పొడవాటి వస్త్రం) కొంగు పట్టుకుని ఆమె వెనకే గదిలోకి నడుస్తాడు. సముద్రం దాటి వచ్చిన ప్రేహ్ థోంగ్ అనే రాజకుమారుడు నాగకన్య కొంగు పట్టుకుని నీళ్లలోపలి నాగలోకానికి వెళ్లాడని కథ. మన కొంగుముడి గుర్తొస్తుంది, కానీ ఇక్కడ ముడి లేదు, చేత్తో పట్టుకోవడమే. అంతా కలిపి పది సెకన్లు. గుమ్మంలో చుట్టాలు కిక్కిరిసిపోతారు కాబట్టి ముందే గదిలో దూరి, మంచానికి వీపు ఆనించి కూర్చోవాలి. కొంగు, రెండు చేతులు, రెండు ముఖాలు, గుమ్మం అన్నీ 35లో పడతాయి. పోయిన పెళ్లిలో నేను బయటే ఉండిపోతే, పెళ్లికూతురి అమ్మమ్మే నా చొక్కా పట్టుకుని లోపలికి లాగింది.