కారు లేకుండా చికాగో: అమ్మానాన్నలతో మూడు రోజులు

అమ్మానాన్నలు తెనాలి నుంచి డల్లాస్ వచ్చి నెల దాటింది. ఎక్కడికి వెళ్దాం అంటే నయాగరా అంటారనుకున్నాను. నాన్న మాత్రం "వివేకానందుడు మాట్లాడిన చోటు చూపించు చాలు" అన్నారు. సరే, మే చివరి వారంలో చికాగోకు టికెట్లు తీశాను. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టదు. అలాంటి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా చెప్పేది, కారు అద్దెకు తీసుకోకండి. డల్లాస్‌లో కారు తీయందే పాలు కూడా రావు కాబట్టి నాకూ మొదట చెయ్యి అటే పోయింది. హోటల్ పార్కింగ్ రాత్రికి 60 డాలర్లపైనే అని చూసి మానుకున్నాను. ఓహేర్ విమానాశ్రయంలోనే బ్లూ లైన్ రైలు ఎక్కొచ్చు. మనిషికి 5 డాలర్లు తీసుకున్నారు. అక్కడ ఎక్కితేనే ఆ రేటు, తిరిగి వచ్చేటప్పుడు మామూలు టికెట్టే. ఇక్కడి రైళ్లకూ బస్సులకూ వాడే వెంట్రా కార్డు ఒకటి కొని ముగ్గురికీ మూడుసార్లు తాకిస్తే సరిపోయింది. ముప్పావు గంటలో ఊరి నడిబొడ్డున, లూప్ అనే ప్రాంతంలో దిగాం.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. దగ్గరి స్టేషన్ ఏదా అని కాకుండా లిఫ్ట్ ఉన్న స్టేషన్ ఏదా అని చూసుకోవాలి. లూప్‌లో చాలా రైళ్లు రోడ్డుకు పైన, ఇనుప స్తంభాల మీద నడుస్తాయి. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియానికి ఆడమ్స్-వాబాష్ స్టేషన్ దగ్గరని మ్యాపు చూసి దిగాను. అక్కడ మెట్లే గతి. నాన్న ఒక్కో మెట్టూ దిగుతుంటే నా ప్రాణం పోయింది. 2017లో కట్టిన వాషింగ్టన్-వాబాష్ స్టేషన్‌లో లిఫ్టులున్నాయి, అక్కడ దిగితే నాలుగైదు నిమిషాల నడక ఎక్కువ, అంతే.

హోటల్ లూప్‌లోనే తీసుకున్నాం. ఆ నిర్ణయం మంచిదే, మధ్యాహ్నం గదికొచ్చి నడుం వాల్చే వీలు దొరికింది. కానీ బుకింగ్‌లో కనబడిన ధర వేరు, కట్టింది వేరు. పన్నులే 17 శాతం దాటాయి. దానిపైన రాత్రికి 30 డాలర్లు "డెస్టినేషన్ ఫీజు" అన్నారు. అందుకు వాళ్లిచ్చింది రెండు నీళ్ల సీసాలు, జిమ్ వాడుకునే అవకాశం. డబ్బు కట్టాం కదా అని నాన్న వెళ్లి జిమ్ చూసొచ్చారు. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. పులిహోర కలుపుకుంటే ఎవరూ ఏమనరు కానీ తాలింపు వేస్తే ఫైర్ అలారం మోగుతుంది.

విల్లిస్ టవర్ ఎక్కలేదు. 110 అంతస్తుల ఆ భవనంలో 103వ అంతస్తు నుంచి అద్దాల పెట్టెలో నిలబడి కిందికి చూడొచ్చు. కానీ క్యూ చూశాక ఆ డబ్బు నది మీద పడవకు పెట్టడమే మేలనిపించింది. గంటన్నర సేపు కూర్చునే ఉంటాం, కాళ్లకు పని లేదు, రెండు ఒడ్డుల భవనాల కథలూ గైడ్ చెబుతూ ఉంటారు. టికెట్ 50 డాలర్ల పైమాటే. అయినా ఈ యాత్రలో పెట్టిన ఖర్చులన్నిటిలో దీనికే ఎక్కువ ఫలితం దక్కింది. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఈ నది మిచిగన్ సరస్సులోకి పారేదట. ఊరి మురుగంతా దాంతోపాటే వెళ్లేది, తాగేదేమో ఆ సరస్సు నీళ్లే. అందుకని 28 మైళ్ల కాలువ తవ్వి 1900లో నది నడకనే వెనక్కి తిప్పేశారు. ఇప్పుడా నీళ్లు చివరికి మిసిసిపీలో కలుస్తాయి. "మిట్ట ఎంతుంది? వాలు ఎంత ఇచ్చారు?" అని నాన్న అడుగుతూనే ఉన్నారు, నేను గైడ్‌కు ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నాను. పైడెక్ మీద గాలి ఈడ్చి కొడుతుంది. ఎండ చూసి మోసపోయి అమ్మకు శాలువా తేలేదు, నా జాకెట్ ఇచ్చి నేను వణికాను.

పడవ దిగాక క్యాబ్ బుక్ చేస్తే పది నిమిషాలు వెతుక్కున్నాం. వాకర్ డ్రైవ్ ఒకదాని మీద ఒకటిగా అంతస్తుల్లో ఉంటుంది. మేం పైన, డ్రైవరు కింద, మ్యాపులో ఇద్దరమూ ఒకే చుక్క. అక్కడ క్యాబ్ పిలవకుండా పక్క వీధిలోకి నడిచి పిలవండి.

మిలీనియం పార్కులో అద్దంలా మెరిసే, చిక్కుడు గింజ ఆకారపు ఉక్కు శిల్పం "బీన్" పొద్దున్నే చూశాం. జనం లేరు, అమ్మ అందులో చూసుకుంటూ కొంగు సర్దుకుంది. ఎదురుగా కల్చరల్ సెంటర్‌కు టికెట్ లేదు. రంగు అద్దాల గోపురం చూడొచ్చు, కుర్చీలున్నాయి, బాత్‌రూములున్నాయి. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు ఈ మూడో సంగతే ముఖ్యం.

నాన్న కోరిక ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో తీరింది. 1893 సెప్టెంబర్ 11న ప్రసంగం జరిగింది ఈ భవనంలోనే. ఆనాటి హాలు ఇప్పుడు లేదు, ఆ చోట ఫుల్లర్టన్ హాలు కట్టారు. తలుపులు వేసి ఉంటే అక్కడి ఆవిడను అడిగాం, లోపల నిలబడి చూడనిచ్చింది. నాన్న చెప్పులు విప్పబోయి ఆగిపోయారు. బయట రోడ్డుకు స్వామి వివేకానంద పేరు పలక కూడా ఉంది. ఈ మ్యూజియానికి మంగళ, బుధవారాలు సెలవు, వెళ్లేముందు వెబ్‌సైటులో చూసుకోండి.

తిండి సంగతి. ఇక్కడి హాట్ డాగ్ గొడ్డు మాంసంతో చేస్తారు, తెలియక కొనకండి. డీప్ డిష్ అనే మందపాటి పిజ్జా పాలకూరతో దొరుకుతుంది, కానీ కాలడానికి ముప్పావు గంట పడుతుంది. రెండు ముక్కలకే అమ్మ చేతులెత్తేసింది. మూడో సాయంత్రం మనవాళ్ల కొట్లుండే డెవాన్ అవెన్యూకు వెళ్లాం. రెడ్ లైన్‌లో లయోలా దగ్గర దిగి 155 బస్సు. ఇండియన్ కిరాణా కొట్ల సంస్థ పటేల్ బ్రదర్స్ 1974లో మొదటి కొట్టు పెట్టింది ఈ వీధిలోనే. డల్లాస్‌లో దొరకనిది అక్కడేమీ లేదు, అయినా అమ్మ గంటసేపు తిరిగి రెండు కట్టల గోంగూర కొంది. విమానంలో దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.