డీజిల్ మోటార్‌హోమ్: ఇంజిన్ ముందుండటం మేలా, వెనక ఉండటం మేలా?

అమెరికాలో మోటార్‌హోమ్, అంటే చక్రాల మీది ఇల్లు, కొనాలనుకునేవారు ముందుగా చూసేది వంటగదినీ పడకగదినీ, బటన్ నొక్కగానే పక్కకు జరిగే గోడలనూ. ఇంజిన్ ఎక్కడ ఉందన్న ప్రశ్న చాలాసార్లు బేరం దాదాపు కుదిరాక గాని రాదు. నా ఉద్దేశంలో అది మొదటి ప్రశ్న కావాలి. సోఫాను మార్చుకోవచ్చు, ఫ్రిజ్‌ను మార్చుకోవచ్చు; కానీ రోజుకు నాలుగైదు గంటలు నడిపేవారి చెవులకూ కాళ్లకూ అనుక్షణం తెలిసే ఇంజిన్ స్థానాన్ని మాత్రం ఆ తరువాత మార్చుకోలేము.

ఇంజిన్ ముందుండే ఆర్టీసీ సూపర్ లగ్జరీలో డ్రైవర్ వెనక సీటులోనూ, ఇంజిన్ వెనకుండే వోల్వో గరుడలో అదే చోటా కూర్చుని ప్రయాణించినవారికి ఈ తేడాను వేరుగా వివరించనక్కరలేదు. ఇంజిన్ వెనక ఉన్న మోటార్‌హోమ్‌లో, అంటే అక్కడివారు పుషర్ అని పిలిచే బండిలో, ఇంజిన్ డ్రైవర్‌కు ముప్పై అడుగులకు పైగా దూరంలో ఉంటుంది కాబట్టి హైవే మీద గాలి చప్పుడూ టైర్ల చప్పుడూ తప్ప పెద్దగా ఏదీ వినబడదు, పక్క సీటులోని వారితో గొంతు పెంచకుండానే మాట్లాడుకోవచ్చు. దానికి తోడు గాలి తిత్తులతో కుదుపు తగ్గించే ఎయిర్ సస్పెన్షన్, చాలావరకు ఎయిర్ బ్రేకులు ఉంటాయి. ముందు చక్రాలు 50 నుంచి 55 డిగ్రీల దాకా తిరగడం వలన ఇంత పొడవైన బండి కూడా పెట్రోల్ బంకు మలుపుల్లో ఊహించినంత ఇబ్బంది పెట్టదు. చాలా పుషర్లలో జనరేటర్ బండి ముక్కు భాగంలో ఉంటుంది. అరిజోనా వేసవి రాత్రి ఏసీ కోసం దాన్ని నడపవలసి వచ్చినా పడకగది రెండో కొసన ఉంటుంది కనుక నిద్ర చెడదు.

ముందు ఇంజిన్ అన్నప్పుడు రెండు వేర్వేరు రకాలను కలిపి మాట్లాడకూడదు. మొదటిది బస్సులాగా చదునైన ముఖం కలది. 2000ల రెండో సగంలో పుషర్ కంటే తక్కువ ధరకు డీజిల్ బండి ఇవ్వాలని కొన్ని కంపెనీలు వీటిని తయారు చేశాయి. ఇప్పుడు ఇవి ప్రధానంగా పాత బండ్ల అంగడిలోనే దొరుకుతాయి. వీటిలో డ్రైవర్‌కూ పక్క సీటుకూ మధ్య ఇంజిన్ మూత దిమ్మెలా లేచి ఉంటుంది, ఎక్కుడు రోడ్డులో దాని వేడి కాళ్లకు తగులుతుంది, బరువంతా ముందు ఇరుసు మీద పడటంతో రైలు పట్టాలు దాటినప్పుడు కుదుపు నేరుగా సీటుకు వస్తుంది. ధర బాగా తక్కువై, ఏడాదికి ఒకటి రెండు యాత్రలే చేసేవారికి తప్ప వీటిని నేను సిఫారసు చేయను.

రెండో రకమైన సూపర్ సి సంగతి వేరు. ఇది ఫ్రైట్‌లైనర్ ఎం2 వంటి లారీ ఛాసిస్ మీద కట్టిన ఇల్లు. బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది. మెకానిక్ నేల మీదే నిలబడి ఫిల్టర్లనూ బెల్టులనూ ఇంజెక్టర్లనూ అందుకోగలడు. పుషర్‌లో బెల్టులు వెనక తలుపు తీస్తే కనబడతాయి గాని, ఇంజిన్ పైభాగానికి పరుపు ఎత్తో, అలమర అడుగు పలక తీసో చేరుకోవాలి. బరువు లాగడంలోనూ సూపర్ సిదే పైచేయి. చాలా పుషర్ల హిచ్ పరిమితి, అంటే వెనక తగిలించి లాగగల బరువు, 10,000 పౌండ్లు అయితే, పెద్ద లారీ ఛాసిస్ వాటికి 20,000, అంతకు పైన కూడా ఉంటుంది. అయితే లారీ ముక్కూ క్యాబిన్ పొడవులో చాలా భాగం తినేస్తాయి కాబట్టి, అదే పొడవున్న పుషర్‌లో ఉండే చోటు ఇందులో ఉండదు. క్యాబిన్ మీది పడక మాత్రం పిల్లలకు భలే ఇష్టం.

పుషర్‌లో నన్ను కలవరపెట్టే లోపం ఒకటుంది. రేడియేటర్ కూడా వెనకే ఉన్న బండ్లలో, ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే నూనె ఆవిరి రోడ్డు దుమ్ముతో కలిసి రేడియేటర్ రెక్కలకు జిడ్డు పొరలా పట్టుకుంటుంది. ఇది ఇంజిన్ వైపు ముఖాన పేరుకుంటుంది గనుక, వెనక నుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే కనబడుతుంది. రాకీ పర్వతాల ఎక్కుడులో ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకినప్పుడు గాని సంగతి బయటపడదు. అందువలన పాత పుషర్ కొనేటప్పుడు టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరి ఆ ముఖాన్ని చూడాలి. పక్కన రేడియేటర్ ఉన్నవాటికి ఈ బెడద చాలా తక్కువ, ధర మాత్రం ఎక్కువ. ఇంకొక జాగ్రత్త: వెనక పొగ వచ్చినా నూనె కారినా డ్రైవర్‌కు ఆలస్యంగా తెలుస్తుంది కనుక, వెనక కెమెరాను నడిచినంతసేపూ వేసే ఉంచాలి.

కాబట్టి నెలల తరబడి రోడ్డు మీద ఉండబోయే దంపతులకు నేను చెప్పేది పుషరే. చిన్న పిల్లలున్న కుటుంబానికీ, పడవో బరువైన ట్రైలరో లాగేవారికీ, రిపేరు పనులు స్వయంగా చేసుకునేవారికీ సూపర్ సి మేలు.

ఏది నచ్చినా, తలుపు దగ్గర అతికించిన స్టిక్కరు మీద మనుషులకూ సామానుకూ మిగిలిన బరువెంతో చదవాలి. గ్యాలను నీరు 8.3 పౌండ్లు; 100 గ్యాలన్ల ట్యాంకు నింపితేనే 830 పౌండ్లు పోతాయి. వీలైతే అమ్మేవారిని ఒప్పించి, ట్రక్ స్టాపులో లారీలను తూచే క్యాట్ స్కేలు మీద ఇరుసు ఇరుసుకూ తూకం వేయించాలి. ముందు ఇంజిన్ ఉన్న బండి ఖాళీగా ఉన్నప్పుడే ముందు ఇరుసు మీది బరువు పరిమితికి దగ్గర్లో ఉంటే, మీ సామాను ఎక్కాక అది దాటిపోయే అవకాశం ఎక్కువ. ధర ఎంత నచ్చినా అలాంటి బండిని వదులుకోవాలి.