ఆర్‌వీలో వాతావరణ రేడియో: ఐదేళ్ల వాడకం తర్వాత

అమెరికాలో ఆర్‌వీ (ఇల్లులా వాడుకునే బండి) వేసుకుని తిరగబోతున్న తెలుగువాళ్లు ఎవరు సలహా అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే: రాత్రి ఎక్కడ ఆగితే అక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు తెలుసుకోండి. ఊరి పేరు చాలదు. ఐదేళ్లుగా మా బండిలో ఉన్న వాతావరణ రేడియో నాకు నేర్పిన పాఠం ఇది. ప్రయాణంలో స్టీరింగ్ మావారిది. మ్యాపు, రేడియో నావి.

అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టె ఇది. పాటలు రావు. జాతీయ వాతావరణ సేవ ఇరవై నాలుగు గంటలూ ఇచ్చే నోవా (NOAA, ఆ సేవ కిందికి వచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) ప్రసారాలు వస్తాయి, 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు ఛానెళ్లలో. ఒక్కో ట్రాన్స్‌మిటర్ సుమారు 40 మైళ్ల దాకా అందుతుంది. అంటే మధ్యాహ్నం స్పష్టంగా వినిపించిన ఛానెల్ సాయంత్రానికి గరగరలాడుతుంది. బండి ఆపిన ప్రతిచోటా ఛానెల్ మళ్లీ వెతకాలి.

హెచ్చరికలు కౌంటీల పేరుతోనే చదువుతారు. ప్రతి కౌంటీకీ ఆరంకెల కోడ్ ఉంటుంది. అది ఎక్కిస్తే ఆ కౌంటీకి ప్రమాదం ఉన్నప్పుడే రేడియో మోగుతుంది, మిగతా సమయమంతా నోరెత్తదు. మొదటి ఏడాది ఈ పని బద్ధకించి ‘అన్ని కౌంటీలు’ అని పెట్టేశాను. ఎక్కడో 50 మైళ్ల అవతలి వాగు పొంగినా అర్ధరాత్రి కూత. మూడు రాత్రులు చూసి మావారు దాన్ని కట్టేశారు. కట్టేసిన రేడియో బండిలో ఉన్నా లేనట్టే కదా. అప్పటినుంచి పొయ్యి పక్కన ఒక కాగితం అంటించి, మేమున్న కౌంటీతో పాటు పడమర, నైరుతి వైపున్న కౌంటీలు కూడా పెన్సిలుతో రాసుకుంటున్నాను. మైదానాల్లో గాలివానలు ఎక్కువగా అటునుంచే వస్తాయి.

ఆ కాగితం విలువ కాన్సాస్‌లో తెలిసింది. ఐ-70 హైవే పక్కన హేస్ దగ్గర ఆగాం. అది ఎల్లిస్ కౌంటీ. పడమర ట్రేగో, దక్షిణాన రష్. మూడూ ఎక్కించి పడుకున్నాను. రాత్రి రెండు దాటాక మూడుసార్లు బరబరమని గీకినట్టు శబ్దం, వెంటనే చెవులు చిల్లులు పడే సన్నని కూత, ఆపైన యంత్రపు గొంతు: ట్రేగో కౌంటీకి టోర్నడో వార్నింగ్. బయట ఆకు కదలడం లేదు. మా ఫోన్లలో సిగ్నల్ లేదు. బూట్లు తొడుక్కుని, టార్చి పట్టుకుని, క్యాంపు గ్రౌండ్‌లోని ఇటుక గోడల స్నానాల గదికి నడిచాం. అరగంటకు వడగళ్లు మొదలయ్యాయి, పైకప్పు మీద కంకర గుమ్మరిస్తున్నట్టు. దుప్పటిలో చుట్టిన పసిబిడ్డతో ఒక అమ్మాయి నా పక్కనే నేలమీద కూర్చుంది. టోర్నడో మా వైపు రాలేదు. తెల్లవారాక చూస్తే బండి మీది గాలి కిటికీ మూత ముక్కలై ఉంది.

ఆర్‌వీ ఎంత ఖరీదైనదైనా టోర్నడోలో ఆశ్రయం కాదు. ఈ రేడియో చేసేదల్లా అందులోంచి దిగి వెళ్లడానికి కొన్ని నిమిషాలు ఇవ్వడం. అందుకే క్యాంపులో దిగగానే ఆఫీసులో రెండు ప్రశ్నలు అడుగుతాను: ఇది ఏ కౌంటీ, గట్టి భవనం ఎక్కడ. దారిలో ఉంటే వంతెన కింద ఆగుదామని మావారు మొదట్లో అనేవారు. 1999 మే 3న ఓక్లహోమాలో అలా వంతెనల కింద చేరినవారిలో ముగ్గురు చనిపోయారని చదివాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

తెలుగులో చెప్పుకుంటే వాచ్ అయినా వార్నింగ్ అయినా ‘హెచ్చరిక’ అయిపోతుంది. రెండూ ఒకటి కాదు. వాచ్ అంటే ప్రమాదానికి అనువైన పరిస్థితులున్నాయని. వార్నింగ్ అంటే కంటికో రాడార్‌కో కనిపించిందని. మా ఇంటి లెక్కలో వాచ్ వస్తే బూట్లు తలుపు దగ్గరికి, వార్నింగ్ వస్తే కాళ్లకు. తలుపు మీది గుడ్డ పందిరి మాత్రం వాచ్ రాకముందే, గాలి కాస్త తిరిగినా చుట్టేస్తాం.

లోపాలు లేకపోలేదు. అల్యూమినియం గోడల మధ్య సిగ్నల్ చచ్చిపోతుంది; కిటికీ అంచున నిలబెట్టాలి. రాకీ పర్వతాల లోయల్లో కొన్ని రాత్రులు ఏ ఛానెలూ దొరకలేదు. మూడో ఏడాదికి బ్యాటరీ మూత కొక్కెం విరిగింది, టేపు చుట్టి వాడుతున్నాను. అన్నిటికన్నా పెద్ద లోపం, మనం ఎక్కడున్నామో దానికి తెలియదు. బండి నడుస్తున్నప్పుడు ఫోనుకొచ్చే అత్యవసర సందేశాలే మెరుగు. సిగ్నల్ ఉంటే చాలు, మనమున్న చోటును బట్టి వాటంతటవే వస్తాయి. రాత్రి ఆగాక, సిగ్నల్ లేనిచోట మాత్రం నేను నమ్మేది ఈ పెట్టెనే.

కొనేవాళ్లు కౌంటీ కోడ్ పెట్టుకునే వీలుందో లేదో ముందు చూడండి. చాలా చవక రకాల్లో ఉండదు. విడి బ్యాటరీలతోనూ నడవాలి, ఎందుకంటే గాలివానలో ముందు పోయేది క్యాంపు కరెంటే. సాధారణంగా బుధవారాల్లో పరీక్ష ప్రసారం ఇస్తారు. ఆ రోజు మోగకపోతే ఛానెల్, కోడ్ రెండూ మళ్లీ సరిచూసుకోండి.