మంచి ఫ్రేము, సాదా గేర్లు: నెల్లూరు రోడ్ల మీద ఆరేళ్ల తర్వాత

2019 చివర్లో నేనూ మా బావా ఒకే వారంలో రోడ్డు సైకిళ్లు కొన్నాం. ఇద్దరం పెట్టగలిగింది 65 వేలకు అటూ ఇటూ. ఆ ధరలో రెండు రకాలు కనిపించాయి. ఒకదానికి ఫ్రేము మంచిది, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కార్బన్‌ది, గేర్లు మాత్రం షిమానో కంపెనీ క్లారిస్ రకం, వెనుక ఎనిమిది పళ్ల చక్రాలు. రెండోదానికి సాదా ఫ్రేము, అల్యూమినియం ఫోర్కు, గేర్లు టియాగ్రా, వెనుక పది. అప్పటి షిమానో వరుసలో క్లారిస్ పైన సోరా, ఆపైన టియాగ్రా, ఆ తర్వాత 105. అంటే బావ సైకిలు గేర్లలో నా సైకిలు కన్నా రెండు మెట్లు పైన. నేను ఫ్రేము వైపు మొగ్గాను, బావ గేర్ల వైపు. ఇప్పటికి నా సైకిలు 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ రెండు సైకిళ్లూ పక్కపక్కనే నడుస్తుంటే చూసింది రాస్తున్నాను.

ముందుగా కొలత సంగతి, ఎందుకంటే మిగతా తేడాలన్నీ దీని తర్వాతే. బావకు సరిపోయేది 54 సైజు. టియాగ్రా సైకిలు కొట్లో 56లోనే ఉంది, ధర కూడా కొంత తగ్గిస్తామన్నారు. రెండు సెంటీమీటర్లే కదా అనుకున్నారు ఆయన. మూడు నెలలకే మెడనొప్పి, అరచేతుల్లో తిమ్మిరి. హ్యాండిల్‌ను దగ్గరకు తెచ్చేందుకు 100 మిల్లీమీటర్ల స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) తీసి 70ది వేయించారు. చేతులకు కొంత ఊరట దొరికింది గానీ, వేగంలో ముందు చక్రం అటూ ఇటూ తొందరపడే గుణం వచ్చింది. సీటు ముందుకు జరిపితే మోకాలు నొప్పి. గేరు, చైను, చక్రం, సీటు అన్నీ మార్చుకోవచ్చు. ఫ్రేము కొలత మారదు. పైగా ఫ్రేము ఒక్కటే కొందామన్నా నెల్లూరులో దొరకదు, చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకోవాలి.

మంచి ఫ్రేము అంటే నేను కూడా మొదట్లో బరువే అనుకున్నాను. మా దగ్గర ఎక్కడానికి పెద్ద కొండలు లేవు. ఇక్కడ ఎత్తంటే పెన్నా వంతెన, హైవే మీది ఫ్లైఓవర్లు. అరకిలో తేడా ఇక్కడ కాళ్లకు తెలియదు. తెలిసింది వేరొకటి: నా ఫ్రేములో, ఫోర్కులో 32 మిల్లీమీటర్ల టైరు పడుతుంది. బావ సైకిలుకు 25 దాటితే టైరు బ్రేకుకు ఒరుసుకుంటుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం దాటి సంగం వైపు వెళ్తే ఈ తేడా ఏమిటో ఒళ్లంతా చెబుతుంది. కోతల కాలం, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, మనం అంచుకు జరగాలి. నాట్ల ముందు ఇనుప దమ్ము చక్రాలతోనే రోడ్డెక్కిన ట్రాక్టర్లు తారు మీద చెక్కిన గాట్లు ఆ అంచుల్లోనే ఉంటాయి. మొదటి ఏడాది నేనూ 25 టైర్లలో 95 పీఎస్ఐ ఒత్తిడితో గాలి కొట్టి తొక్కాను. 32 వేసి 60కి దించాక సంగం వెళ్లి వచ్చినా, అంటే దాదాపు 60 కిలోమీటర్లు, భుజాలు పట్టేయడం లేదు. సన్నటి అదురును కార్బన్ ఫోర్కు కొంత మింగుతుంది, నిజమే. కానీ ఎక్కువ మేలు చేసింది టైరు. ఆ టైరుకు చోటిచ్చింది ఫ్రేము.

ఇప్పుడు గేర్లు. టియాగ్రా మీట నొక్కితే మెత్తగా పడుతుంది, బావ సైకిలు తొక్కిన ప్రతిసారీ ఆ సుఖం నాకు నచ్చుతుంది. నాకు ఇబ్బంది వచ్చింది ఒక గేరుకూ పక్క గేరుకూ పళ్ల సంఖ్యలో ఉన్న తేడాతో. జూన్, జూలైలలో సంగం వైపు వెళ్తే పడమటి గాలి ఎదురు కొడుతుంది, గంటసేపు ఒకే తీరులో తొక్కాలి. నా క్యాసెట్, అంటే వెనుక పళ్ల చక్రాల కట్ట, 11-32: చిన్న చక్రానికి 11 పళ్లు, పెద్దదానికి 32. అందులో 15 తర్వాత 18, ఆ తర్వాత 21. పద్దెనిమిది మీద మోకాలికి బరువు, ఇరవై ఒకటి మీద కాళ్లు ఊరికే తిరుగుతాయి. బావకు ఆ మధ్యలో 17, 19, 21 ఉన్నాయి. ఆ వేసవిలో గేర్లు, మీటలు, బ్రేకులు కలిసిన గ్రూప్‌సెట్ మొత్తం మార్చాలనే అనుకున్నాను, ధర కూడా అడిగాను. చివరికి ఎనిమిది గేర్లలోనే 12-25 క్యాసెట్ వేయించాను. అందులోనూ 17, 19, 21 ఉన్నాయి. పెంచలకోన లాంటి దూరాలకు ముందు 34 పళ్లు, వెనుక 25 పళ్లు చాలాయి. వెలిగొండల ఘాట్లు ఎక్కేవారికి ఇది చాలదు. వారికి పది గేర్ల అవసరం నిజంగానే ఉంటుంది.

అరుగుదల లెక్క కూడా ముఖ్యమే. మైపాడు సముద్రం ఇక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే, ఇందుకూరుపేట దాటితే ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి తుడవకపోతే రెండు రోజుల్లో బోల్టు తలల మీద తుప్పు. 2021 నవంబరులో పెన్నా వరద తీసేశాక రోడ్ల మీద మిగిలిన మెత్తటి ఒండ్రులో తొక్కితే కొత్త చైను రెండు వేల కిలోమీటర్లకే సాగిపోయింది. ఆరేళ్లలో ఏడు చైన్లు, మూడు క్యాసెట్లు మార్చాను. ఎనిమిది గేర్ల చైను వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ. బావ పది గేర్ల చైనుకు దాదాపు రెట్టింపు పెట్టారు, అదీ ఇంచుమించు అంతే కాలం వచ్చింది. ఉప్పూ ఇసుకా ఖరీదైన చైనును వేరుగా చూడవు.

పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ నాది మరలతో బిగించేది. రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ ఊళ్లోనే అరగంటలో పని అయింది. బావది ఫ్రేములోకి నొక్కి కూర్చోబెట్టే ప్రెస్ ఫిట్ రకం. రెండో వానాకాలానికి అడుగడుగునా కిర్రుమనే చప్పుడు మొదలైంది. తీయడానికీ బిగించడానికీ తగిన పనిముట్లు ఇక్కడ దొరక్క సైకిలును కారులో వేసుకుని చెన్నై వెళ్లారు. కొనేటప్పుడు ఈ ఒక్క మాట ఎవరూ అడగరు. తప్పక అడగండి.

నా ఫ్రేముకూ నష్టం జరిగింది, నా అశ్రద్ధ వల్లే. రెండేళ్లు సీటు కింది కడ్డీని (సీట్ పోస్ట్) బయటికి తీయలేదు. చెమట, ఉప్పు లోపలికి దిగి అది ఫ్రేమును పట్టేసింది. మూడు రోజులు నూనె పోసి, చివరికి మెల్లగా తిప్పి తీయాల్సి వచ్చింది, గొట్టం లోపల గీతలు పడ్డాయి. అప్పటినుంచి ఏడాదికి రెండుసార్లు తీసి, తుడిచి, గ్రీజు రాసి పెడుతున్నాను. వానలకు ముందొకసారి, సంక్రాంతి తర్వాతొకసారి.

ఒక్క బ్రేకుల విషయంలో మాత్రం నా ఎంపిక తప్పింది. సైకిలుతో వచ్చిన డిస్క్ బ్రేకులు తడిలో చాలినంత పట్టేవి కావు. మొదటి నెలలోనే మంచి ప్యాడ్లు, గట్టి కేబుళ్లు వేయించాల్సింది. హైవే మీద వానలో ఒక లారీ వెనుక భయపడ్డాకే వేయించాను. ఫ్రేము కోసం గేర్లు తగ్గించుకోండి, నష్టం లేదు. బ్రేకులకు మాత్రం మూడు నాలుగు వేలు ముందే పక్కన పెట్టుకోండి.

పోయిన నెల బావ కొత్త ఫ్రేము చూడటం మొదలుపెట్టారు. ఆయన గేర్లు ఇంకా బాగానే ఉన్నాయి కాబట్టి అవే ఎక్కించాలని. నచ్చినవన్నీ డిస్క్ బ్రేకుల ఫ్రేములు. ఆయన చక్రాలు, బ్రేకులు, షిఫ్టర్లు (గేరు, బ్రేకు మీటలు) చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకువి. “అయితే నా టియాగ్రాలో మిగిలేది ఎంత?” అని అడిగారు. కూర్చుని లెక్క వేశాం. చైనును గేరు నుంచి గేరుకు జరిపే డెరెయిలర్లు, క్యాసెట్, ముందు పళ్ల చక్రాలు. కేబుల్‌తో లాగే డిస్క్ బ్రేకులు పెట్టుకుంటే షిఫ్టర్లు కూడా. ఈసారి మాత్రం ఆయన ధర అడగకముందే 54 ఉందా అని అడుగుతున్నారు.