వాకిటి బాట అంచు మొక్కలు: పర్లాకిమిడిలో ఆరేళ్ల వాడకం తర్వాత

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న ఊరు పర్లాకిమిడి. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు ఇక్కడ మా బాట అంచున ఉన్న పాత మొక్కల వరుస కొట్టుకుపోయింది. ఇప్పుడున్నది 2019 మృగశిర కార్తెలో వేసింది. సిమెంటు బాట 24 అడుగులు, రెండు పక్కలా అడుగు వెడల్పు మడి, ఎర్రమట్టి. గేటు వైపు మధ్యాహ్నం దాకా ఎండ, అరుగు దగ్గర ఏడెనిమిది అడుగులు చూరు నీడ. అడుగు ఎత్తు దాటకూడదు, ఏటేటా కొత్తగా నాటే పని ఉండకూడదు. ఈ రెండే షరతులు.

నర్సరీకి ఎక్కువమంది వెళ్లేది సంక్రాంతి ముందు, అన్నీ పూతమీద ఉన్నప్పుడు. అప్పుడు చూసి కొన్నది వానల్లో ఎలా ఉంటుందో తెలియదు. మే ఎండకు ఒకటో రెండో పోతాయి గానీ, ఆగస్టులో మడిలో నీరు నిలిస్తే వరుసకు వరుసే పోతుంది.

అన్నిట్లోకీ మార్కులు వాన లిల్లీకే. దుంపను రెండంగుళాల లోతున, నాలుగంగుళాల ఎడంగా పెడితే ఒక పక్కకు 72 దుంపలు పడతాయి. మొదటి రెండు వానలకే గులాబీ రంగువి విచ్చుకుంటాయి. తెల్లవి సన్నాకువి, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటాయి, పూత మాత్రం వానాకాలం చివర్లో. రెండు రకాలూ కలిపి వేస్తే జూన్ నుంచి అక్టోబరు దాకా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. మూడో ఏడు దుంపలు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి తేలతాయి, పూలు తగ్గుతాయి. అప్పుడు తవ్వి విడదీయాలి, మిగిలినవి పక్కింటికి. ఇబ్బంది ఒక్కటే: పువ్వు లేనప్పుడు అచ్చం గడ్డిలా ఉంటుంది. కలుపు తీయడానికి వచ్చిన మనిషికి ముందే చూపించకపోతే సగం వరుస పీకి కుప్ప పెట్టేస్తారు. దుంప చిన్న ఉల్లిపాయలా ఉంటుంది, విషం. పిల్లలుంటే జాగ్రత్త.

పొట్టి నూరువరహాలు చూడ్డానికి అందం. తొమ్మిదంగుళాలకొకటి, పక్కకు 32. కానీ సిమెంటు అంచున పెడితే రెండో ఏటికి కొత్త ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. సిమెంటు నుంచి దిగే సున్నం వల్ల మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. రాతిపొడి ముగ్గు వేసే వాకిలైతే ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే రోజూ కడిగిన నీళ్లన్నీ మడిలోకే దిగుతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న ఉప్పు), గ్రాము నిమ్మఉప్పు కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు ఆకుల మీద కొడితే పచ్చబడతాయి. కొట్టేటప్పుడు బాట మీద గోనెపట్టా పరవండి. ఆ నీళ్లు పడిన చోట తుప్పు మరక పడుతుంది, ఎంత రుద్దినా పోదు. మొక్కను అంచు నుంచి ఆరంగుళాలు లోపలికి జరిపాక ఈ గొడవ బాగా తగ్గింది.

బిళ్ళగన్నేరు, ఒడియా వాళ్ల సదాబిహారి. మేకలు ముట్టవు, ఎండకు జంకదు. వానల్లో మాత్రం మొదలు దగ్గర కాండం నల్లబడి, మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోతుంది. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తే రెండు రోజుల్లో పని అయిపోతుంది. గేటు దగ్గర ఎత్తైన చోటే నిలిచింది. పల్లంలో పోయినా, రాలిన గింజల నుంచి నవంబరులో బాట పగుళ్లలో పిల్లలు లేస్తాయి, వాటినే తీసి నాటుకోవచ్చు.

కనకాంబరం జడలోకి రోజూ నాలుగు పూలిస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ తీయనివ్వరు. అంచు మొక్కగా చూస్తే సగం మార్కులే. కత్తిరించకపోతే రెండడుగులు పెరుగుతుంది. రెండో ఏట ఎదుగుదల ఆగితే ఒక మొక్క పీకి వేరు చూడండి, ఆవగింజల్లా బుడిపెలుంటే నులిపురుగు. అదే గుంతలో మళ్లీ కనకాంబరం పెట్టకూడదు, ఒక పంట బంతి వేసి చూడాలి.

నీడ పట్టిన అరుగు దగ్గర పొట్టి రియో బాగా కుదిరింది. కొమ్మ విరిచి గుచ్చితే చాలు, వేరు పడుతుంది. ఆకు అడుగు ఊదారంగు. రసం తగిలితే కొందరికి దురద. ఎర్రాకు ఆల్టర్నాంథెరా చవకే గానీ వానల్లో మూడు వారాలకోసారి కత్తెర పెట్టకపోతే కింద బోడిగా, పైన గుబురుగా తయారవుతుంది. పసుపు పూల వెడీలియా మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. కణుపు కణుపుకీ వేరు వేసి కాలువలోకి, అక్కడి నుంచి పక్కింట్లోకి పాకుతుంది.

మడి విషయం. ముప్పావు అడుగు లోతు తవ్వి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పెంట కలిపి, మీటరుకు 100 గ్రాముల వేపపిండి చల్లి, బాటకంటే రెండంగుళాలు ఎత్తుగా నింపాలి. అంచుకు ఇటుకలు నిలబెట్టి, నీరు బయటికి పోయేలా నాలుగు అడుగులకోసారి రెండు వేళ్లు పట్టే సందు వదలాలి. ఆ సందులో పెంకు ముక్కలు వేయకపోతే మొదటి పెద్దవానకే మట్టి బాట మీదికి వచ్చేస్తుంది. చూరు నీళ్లు పడే గీత మీద మొక్క పెట్టకండి, అక్కడ గులకరాళ్లు పరిస్తే సరి.

నర్సరీ సంచిలో వేర్ల చుట్టూ తరచు జిగటమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే పాతితే చుట్టూ తడి ఉన్నా లోపల ఎండుతుంది, లేదా వానల్లో లోపలే కుళ్లుతుంది. బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, పైమట్టి మూడో వంతు వేళ్లతో రాల్చి నాటండి. నాటిన రోజు సాయంత్రం ఒకసారి, తర్వాత వాన లేకపోతే రెండు రోజులకోసారి నీళ్లు పోస్తే చాలు.